తుకారాంకు ముఖమిచ్చిన నటుడు

మహారాష్ట్రంలో ఏ పల్లెకు పోయినా, ఏ పాతకాలపు ఇంటి గోడను చూసినా ఒక పటం కనిపించడం కద్దు. తలకు పాగా, నుదుట నామం, మెడలో తులసిమాల, చేతిలో ఏకతార, సగం మూసిన కన్నులు, పెదవులపై ఉండీ లేనట్టున్న చిరునవ్వు. అది సంత్ తుకారాం పటమని ఇంట్లో చిన్నపిల్లవాడు సైతం చెప్పగలడు. దాని ముందు దీపం వెలిగించి నమస్కరించినవారు లక్షలమంది. అయితే తుకారాం బ్రతికి ఉన్ననాడు ఆయన ఎదుట కూర్చుని రూపాన్ని గీసిన చిత్రకారుడెవరూ చరిత్రకు తెలియడు. గడచిన ఎనిమిది తొమ్మిది దశాబ్దాలలో అచ్చయిన క్యాలెండర్లలోను, పటాలలోను కనిపించే ఆ ముఖచ్ఛాయ చాలావరకు విష్ణుపంత్ పాగ్నీస్ అనే రంగస్థల నటునిది.

1936 డిసెంబరు 12న బొంబాయిలోని సెంట్రల్ సినిమా హాలులో ‘సంత్ తుకారాం’ అనే మరాఠీ చిత్రం విడుదలైంది. పూనాలోని ప్రభాత్ ఫిలిం కంపెనీ దానిని నిర్మించింది. ఆ ఒక్క హాలులోనే అది 57 వారాలు నడిచింది. మరుసటి సంవత్సరం ఇటలీలోని వెనిస్ చిత్రోత్సవంలో గౌరవం పొంది, విదేశాలలో అటువంటి గుర్తింపు పొందిన తొలి భారతీయ చిత్రాలలో ఒకటిగా చరిత్రకెక్కింది. మన దేశంలో భక్తుల జీవితాలపై వచ్చిన చిత్రాలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో అనేకం కాలగర్భంలో కలిసిపోయాయి. ఈ చిత్రం మాత్రం నేటికీ సామాన్య ప్రేక్షకులను కంటతడి పెట్టిస్తున్నది. దేవుణ్ణి నమ్మని విమర్శకులను సైతం ఆలోచింపజేస్తున్నది. ఇందుకు కారణమేమిటి? ఒక నటుడు ఒక మహాత్ముని స్థానంలో జనహృదయాలలో ఎట్లా కుదురుకున్నాడు? ఆ కారణం కోసం ముందుగా అసలు తుకారాం వద్దకు పోవాలి.

కరవు నుంచి పుట్టిన కవిత

పూనాకు సమీపాన ఇంద్రాయణీ నది ఒడ్డున దేహు అనే గ్రామమున్నది. తుకారాం అక్కడ 1608లో జన్మించాడని పలువురి అభిప్రాయం. కులం కుణబి, అంటే సేద్యం చేసుకొనే శూద్రకులం. అయినా కుటుంబం వర్తకం చేసి కొంత కలిమి గడించింది. ఇంట్లో తరతరాలుగా విఠోబా ఆరాధన ఉన్నది. తండ్రి బోల్హోబా, తల్లి కనకాయి. తల్లిదండ్రులు గతించిన తరువాత సంసారభారం చిన్నవయసులోనే ఆయన నెత్తిన పడింది.

1630 నుంచి రెండేళ్ళపాటు దక్కను దేశాన్ని ఘోరమైన కరవు కబళించింది. తుకారాం మొదటి భార్య రఖుమాబాయి ఆ రోజులలోనే అన్నం లేక మరణించింది. కుమారుడొకడు పోయాడు. పశువులు చచ్చాయి, దుకాణం దివాలా తీసింది. ఊరివాళ్ళు తన ఇంటికి బాకీ ఉన్న పత్రాలను ఆయన ఇంద్రాయణిలో పారవేశాడని సంప్రదాయం చెబుతున్నది. ఆ దుఃఖంలో నుంచి అభంగాలు పుట్టాయి. నేడు ఆయన పేర లభించే గాథలో దాదాపు నాలుగువేల ఐదువందల అభంగాలున్నాయి. పల్లెటూరి మాటలలో, నాగలి పట్టినవాడికి, తిరగలి విసిరే స్త్రీకి అర్థమయ్యే మరాఠీలో ఆయన దేవునితో మాట్లాడాడు. కొన్నిట వేడుకున్నాడు, కొన్నిట పోట్లాడాడు, కొన్నిట తనను తానే నిందించుకున్నాడు.

శూద్రుడు వేదార్థాన్ని పలకడమేమిటని పండితులు ఆగ్రహించారు. రామేశ్వర భట్టు అనే పండితుని ఆదేశంపై తుకారాం తన వ్రాతప్రతులను నదిలో ముంచవలసివచ్చిందనీ, ఆయన పదమూడు రోజులు నది ఒడ్డున నిరాహారంగా కూర్చున్నాడనీ, ఆపై అవి తడవకుండా పైకి తేలాయనీ కథ. ఆ రామేశ్వర భట్టే తరువాత ఆయన శిష్యుడైనాడు. బ్రాహ్మణ కుటుంబానికి చెందిన బహిణాబాయి ఆయనను గురువుగా భావించి తానూ అభంగాలు వ్రాసింది. 1650 ప్రాంతంలో, ఫాల్గుణ బహుళ విదియనాడు, తుకారాం కనుమరుగైనాడు. సశరీరంగా వైకుంఠానికి పోయాడని భక్తుల విశ్వాసం. ఆయనను ద్వేషించినవారే అంతమొందించి ఉంటారని కొందరు ఆధునికుల అనుమానం. ఏటేటా ఆయన పాదుకలతో దేహు నుంచి పండరీపురానికి పల్లకీ కదలుతుంది. ఆయన కుమారుడు నారాయణ మహారాజు 1685లో ఆరంభించిన ఆ యాత్ర నేటికీ సాగుతున్నది.

ఇటువంటి పురుషుని జీవితాన్ని తెరకెక్కించడం తేలిక కాదు. ప్రేక్షకుడు హాలులోకి వచ్చేటప్పటికే తుకారాం అతని గుండెలో ఉన్నాడు. అభంగాలు అతనికి నోటికి వచ్చు. తెరమీద తుకారాం ఒక్క అడుగు తప్పువేసినా అతడు క్షమించడు.

ఇద్దరు పనివాళ్ళు

ప్రభాత్ ఫిలిం కంపెనీ 1929లో కొల్హాపూరులో పుట్టింది. శాంతారాం, దామ్లే, ఫత్తేలాల్, ధాయ్‌బర్ అనే నలుగురు మిత్రులు సీతారాం కులకర్ణి అనే వర్తకుని తోడ్పాటుతో దానిని స్థాపించారు. 1933లో కంపెనీ పూనాకు తరలింది. ఆ స్టూడియో ఉన్న స్థలంలోనే 1960లో కేంద్ర ప్రభుత్వం చలనచిత్ర శిక్షణ సంస్థను నెలకొల్పింది.

ఆ రోజులలో ప్రభాత్ అంటే శాంతారాం పేరే మొదట వినిపించేది. 1935లో ఆయన ఏకనాథుని జీవితంపై బాలగంధర్వను నాయకునిగా పెట్టి ఒక చిత్రం తీశాడు. దానికి మొదట ‘మహాత్మా’ అని పేరుపెట్టగా సెన్సారువారు అభ్యంతరం చెప్పారు. ఆ పేరు గాంధీగారిని గుర్తుచేస్తుందని వారి భయం. చివరకు అది ‘ధర్మాత్మా’గా విడుదలైంది. తుకారాం చిత్రానికి మాత్రం దర్శకత్వం వహించినవారు విష్ణుపంత్ గోవింద్ దామ్లే, షేక్ ఫత్తేలాల్. ఇద్దరూ కొల్హాపూరులో బాబూరావు పెయింటర్ వద్ద పని నేర్చినవారు. దామ్లే శబ్దగ్రహణంలో దిట్ట. ఫత్తేలాల్ కళాదర్శకుడు. అంటే ఇద్దరూ చేతులతో పనిచేసే మనుషులు. కథను శివరాం వాశీకర్ వ్రాశాడు. సంగీతం కేశవరావు భోళే సమకూర్చాడు.

విఠోబా భక్తుని కథకు రూపకల్పన చేసి, దేహు గ్రామాన్ని స్టూడియోలో నిలిపినవారిలో ఒకరు మహమ్మదీయుడన్న విషయం ఆ నాడెవరికీ వింతగా తోచలేదు. ఫత్తేలాల్ కట్టించిన ఆ ఊరిలో ఆడంబరం కనబడదు. మట్టిగోడలు, రాతి అరుగులు, వంటింటి పొగ, గుడి ముంగిట తొక్కుడుకు అరిగిన మెట్లు. ఇక్కడ దేవుడు ప్రత్యక్షమైతే ఈ ఊళ్ళోనే ప్రత్యక్షం కావాలి గాని, బంగారు స్తంభాల నాటకరంగంమీద కాదని దర్శకులు నిర్ణయించుకున్నట్లు కనిపిస్తుంది.

స్త్రీవేషాల నుంచి సంతుని దాకా

పాగ్నీస్ 1892లో జన్మించాడు. మరాఠీ నాటక సమాజాలలో స్త్రీపాత్రలు ధరించి పేరు తెచ్చుకున్నాడు. ఆ కాలపు రంగస్థలంమీద స్త్రీపాత్ర వేసే పురుషునికి ప్రత్యేకమైన శిక్షణ ఉండేది. అడుగు మెత్తగా పడాలి. చూపు నేలకు వాలాలి. కోపమైనా దుఃఖమైనా కంఠంలో సన్నని మార్పుతోనే తెలియాలి. ‘సంత్ తుకారాం’లో పాగ్నీస్ నడకను, చూపును గమనించినవారికి ఆ శిక్షణ ఎక్కడ ఉపయోగపడిందో తెలుస్తుంది. ఆయన తుకారాం ఎవరినీ గద్దించడు. చేతులు విసిరి ఉపదేశించడు. నిందలు పడినప్పుడు తల వంచుతాడు. ఆ తల వంచడంలో ఓటమి కనిపించదు. పాడుతున్నప్పుడు కన్నులు సగం మూతపడతాయి. ఎదుట ఉన్నవారిని చూస్తున్నాడో, వారి వెనుక ఉన్న మరెవరినో చూస్తున్నాడో చెప్పలేము.

ఆ నాటి చిత్రాలలో నటులు పెద్దగొంతుతో, నాటకఫక్కీలో సంభాషణలు పలికేవారు. పాగ్నీస్ దాదాపు ఇంట్లో మాట్లాడుకుంటున్నట్టే మాట్లాడాడు. పాటలు తానే పాడాడు. ఆ గొంతులో సంగీత పాండిత్య ప్రదర్శన లేదు. దీనికి పోలికగా దర్శకులు సాలోమాలో అనే పాత్రను నిలబెట్టారు. భాగవత్ అనే నటుడు ఆ పాత్రను ధరించాడు. సాలోమాలో గుడిలో పెత్తనం చేసే బ్రాహ్మణుడు. తుకారాం అభంగాలను తనవిగా చెప్పుకొని కీర్తిని కాజేయాలని చూస్తాడు. అవే మాటలను అతడు సాగదీసి, గమకాలు గుప్పించి, హావభావాలతో పాడతాడు. ప్రేక్షకునికి నవ్వు వస్తుంది. అవే మాటలు తుకారాం నోట వెలువడినప్పుడు ఆ నవ్వు ఆగిపోతుంది. మాట ఒకటే, పలికేవాని బ్రతుకే వేరు. భక్తి అంటే ఏమిటో, భక్తి వేషం అంటే ఏమిటో వివరించడానికి ఒక్క సంభాషణ కూడా అవసరం లేకపోయింది.

పాటకూ పనికీ గల బంధం ఈ చిత్రంలో విశేషంగా కనిపిస్తుంది. తుకారాం ఆసనం వేసుకొని పాడే ఘట్టాలకంటె నడుస్తూ, పనిచేసుకుంటూ పాడే ఘట్టాలు మనసులో నిలుస్తాయి. భోళే ఆ పాటలకు భజన బృందాల వాద్యాలనే ఎక్కువగా వాడాడు. ఒకే ఒక విత్తు నుంచి వృక్షాలూ పంటలూ విస్తరించే తీరును వర్ణించే పాట ఒకటి ఉన్నది. దానిని విన్న పండితులు కొందరు, ఇది గాథలో ఏ ప్రతిలో ఉన్నదని అడిగారట. నిజానికి అది తుకారాం రచన కాదు. చిత్రానికి పాటలు వ్రాసిన శాంతారాం ఆఠవలే రచన. మూడువందల ఏళ్ళ తరువాత పుట్టిన ఒక సినిమా కవి, మహాకవి గొంతులో తన గొంతును కలిపివేయగలిగాడు. పాగ్నీస్ ముఖానికి పట్టిన అదృష్టమే ఆ పాటకూ పట్టింది.

ఇంటి పొయ్యి ముందు జిజాయి

ఇంతవరకు చెప్పినవన్నీ నిజమే అయినా, ఈ చిత్రానికి ప్రాణం పోసినది పాగ్నీస్ ఒక్కడే కాదు. తుకారాం భార్య జిజాయి పాత్రను గౌరి అనే నటి ధరించింది. ఆమె పేరున్న నాయిక కాదు. ప్రభాత్ స్టూడియోలో చిన్నచిన్న పనులు, చిల్లర వేషాలతో జీవితం ప్రారంభించిన శ్రామికస్త్రీ. ఆమెను తెరమీద చూసినప్పుడు నటిని చూస్తున్నామన్న స్పృహే కలగదు. మన వీథిలో, మన పెరట్లో చూసే ఇల్లాలే కళ్ళ ముందు కదలాడుతుంది.

లోకం జిజాయిని గయ్యాళిగా చెప్పుకొన్నది. జ్ఞానులకు గయ్యాళి భార్యలుండడం కథలలో పరిపాటి. గ్రీకుల సోక్రటీసుకు కూడా ఆ ‘భాగ్యం’ తప్పలేదు. అటువంటి పాత్రను నవ్వులపాలు చేసి వదలివేయడం సులభం. దామ్లే, ఫత్తేలాల్‌లు అలా చేయలేదు. జిజాయి తిడుతుంది, ఆ తిట్టుకు కారణం ఇంట్లో గింజ లేకపోవడం. భర్త ఇంటికి తెచ్చిన కాస్త గింజలూ దారిలో ఎవరికో పంచిపెట్టి వస్తాడు. పిల్లల ఆకలికి జవాబు చెప్పవలసినది ఆమె. ఆమె దేవత కూడా వేరు. పుట్టింటి నుంచి తెచ్చుకొన్న మంగళాయిని ఆమె కొలుస్తుంది. తన ఇంటిని కూల్చిన నల్లనివాడుగానే ఆమెకు పాండురంగడు తెలుసు.

చిత్రంలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం ఒకటున్నది. పిల్లవాడు జబ్బుపడతాడు. మందుకు డబ్బు లేదు. భర్త దేవుని పేరు తప్ప మరొకటి చెప్పడు. జిజాయి సహనం నశిస్తుంది. చేత చెప్పు పట్టుకొని ఆమె గుడిలోకి దూసుకుపోతుంది. నిలబడి నవ్వుతున్న ఆ దేవుణ్ణి నిలదీస్తుంది. భక్తులతో నిండిన హాలులో, దేవుని విగ్రహంమీదికి చెప్పెత్తిన స్త్రీని చూసి 1936 నాటి ప్రేక్షకుడు ఏమి అనుకొని ఉంటాడు? అపచారమని లేచిపోయి ఉండాలి. కాని అతడు లేవలేదు. ఆమె కోపంలోని న్యాయాన్ని అతడు గుర్తించాడు. ఆమె దేవుణ్ణి రాయిగా భావించి ఉంటే చెప్పెత్తవలసిన పనిలేదు. వింటాడని, జవాబు చెప్పవలసినవాడని నమ్మినందువల్లనే ఎత్తింది. తుకారాం అభంగాలలో దేవునితో జరిపిన పోట్లాటకూ ఇదే మూలం. భర్త పాటలో చేసినదానిని భార్య చెప్పుతో చేసింది.

ఈ కారణంచేతనే పాగ్నీస్ సౌమ్యత మనకు అతిగా తోచదు. ఎదుట గౌరి లేనట్లయితే ఆ సగం మూసిన కన్నులు, ఆ చిరునవ్వు కొద్దిసేపటికే విసుగు పుట్టించేవి. ఆమె ప్రతి క్షణం ఆయనను నేలమీదికి లాగుతుంది. ఆయన భక్తికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో మనకు గుర్తుచేస్తూనే ఉంటుంది. భండారా కొండమీద ఏకాంతంగా నామస్మరణ చేసుకొనే భర్తకు అన్నం మోసుకొనిపోయినది కూడా ఈ తిట్టే ఇల్లాలేనని సంప్రదాయం చెబుతున్నది. ఆ తిట్టు, ఆ అన్నం రెండూ ఒకే ప్రేమ నుంచి పుట్టాయని గౌరి నటన మనకు నమ్మకం కలిగిస్తుంది.

మహిమలు, మనుషులు

ఈ చిత్రంలో మహిమలు లేకపోలేదు. పంట పోయిన చేనులో ధాన్యం రాశులుగా కురుస్తుంది. విగ్రహం కదలి నర్తిస్తుంది. శివాజీని పట్టుకొనడానికి శత్రుసైనికులు భజన మధ్యకు వచ్చినప్పుడు అక్కడున్న ప్రతివాడూ శివాజీగానే కనిపిస్తాడు. ఆ నాటి సాంకేతిక సౌకర్యాల దృష్ట్యా ఇవన్నీ చక్కగానే అమరాయి. నేటి పిల్లలకు ఆ కనికట్టు వెంటనే తెలిసిపోతుంది. అయినా చిత్రానికి నష్టం లేదు. మహిమ జరిగిన మరుక్షణమే దర్శకులు దానిని మరచి మనుషుల ముఖాలవైపు తిరుగుతారు. ఆశ్చర్యపోయిన రైతు, సిగ్గుపడిన సాలోమాలో, అన్నిటినీ ఇంటి అవసరాలతో కొలిచే జిజాయి, వీరే అసలు కథ.

శివాజీ కానుకలు పంపిన ఘట్టాన్నే చూడండి. 1630లో జన్మించిన శివాజీ తుకారాం అవసాన కాలానికి ఇరవయ్యేళ్ళ యువకుడు. వారిద్దరి సమాగమం చరిత్రకంటె సంప్రదాయానికే ఎక్కువగా తెలిసిన విషయం. చిత్రంలో నగలూ పట్టుబట్టలూ వస్తే జిజాయి, పిల్లలు మురిసిపోతారు. ఏళ్ళతరబడి చింకిగుడ్డలు కట్టినవారి మురిపెం అది. తుకారాం వాటిని తిప్పిపంపిస్తాడు. ఆయన నిస్పృహకు మనం చేతులు జోడిస్తాము. అదే సమయంలో ఆ పిల్లల ముఖాలను చూసి మన గుండె కలుక్కుమంటుంది. ఈ రెండు భావాలనూ ఒకదానికొకటి అడ్డురాకుండా నిలపడంలోనే చిత్రం గొప్పతనం ఉన్నది. రాజ్యం వదలి తన వెంట వస్తానన్న శివాజీకి తుకారాం ఎవరి ధర్మం వారు నిర్వర్తించాలని చెప్పి పంపుతాడు.

ముగింపు ఘట్టమూ అటువంటిదే. గరుడుడు మోసే విమానంలో తుకారాం వైకుంఠానికి బయలుదేరుతాడు. భార్యను తనతో రమ్మంటాడు. ఆమె వంటపనిలో ఉన్నది. ఇల్లు, పిల్లలు, పొయ్యిమీది వంట, వీటిని వదలి ఎక్కడికి పోతుంది? అలవాటైన పిచ్చిమాటలలో ఇదీ ఒకటనుకొంటుంది. ఆమె బయటికి పరుగెత్తుకొని వచ్చేసరికి విమానం ఆకాశానికి లేస్తున్నది. స్వర్గానికి పోయినవానికంటె నేలమీద మిగిలిపోయిన ఆమెయే మన కళ్ళలో నీరు తెప్పిస్తుంది. సంతుని కీర్తించడానికి తీసిన చిత్రం, సంతుని ఆకాశానికి పంపి, చివరకు మన మనస్సును ఆ ఇల్లాలి వద్ద వదలివెళ్తుంది.

పాత్ర నటుణ్ణి మింగినప్పుడు

చిత్రం విడుదలైన తరువాత పాగ్నీస్ జీవితం మారిపోయింది. ఆయన కనిపిస్తే జనం పాదాలకు మ్రొక్కేవారు. హాలులో తుకారాం తెరపై కనిపించగానే చేతులు జోడించేవారు, పాదరక్షలు బయట విడిచి వచ్చేవారు ఉండేవారని ఆ కాలపు జ్ఞాపకాలు చెబుతున్నాయి. నిర్మాతలూ ఆయనను మరొక రూపంలో ఊహించుకొనలేకపోయారు. హిందీలో 1939లో తులసీదాసు, 1940లో నరసీ భగత్, 1943లో విదురుడు, ఇట్లా ఆయనకు వరుసగా భక్తుల పాత్రలే లభించాయి. 1943లోనే ఆయన కన్నుమూశాడు. స్త్రీపాత్రలలో ఆయన చూపిన నేర్పును గుర్తుంచుకొన్నవారు క్రమంగా అరుదైపోయారు. తుకారాం పటం మాత్రం గోడమీద నిలిచింది. దాని క్రింద నటుని పేరుండదు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. పాండురంగని కథను తెనాలి రామకృష్ణుడు పదహారవ శతాబ్దిలోనే కావ్యంగా మలిచాడు. రంగస్థలంమీదను, తెరమీదను తుకారాంగా సి. ఎస్. ఆర్. ఆంజనేయులు తెలుగువారిని అలరించాడు. 1938లో తమిళంలో ప్రసిద్ధ గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ తుకారాం పాత్ర ధరించాడు. 1973లో ‘భక్త తుకారాం’లో అక్కినేని నాగేశ్వరరావు తుకారాంగాను, అంజలీదేవి ఆయన ఇల్లాలిగాను, శివాజీ గణేశన్ ఛత్రపతిగాను కనిపించారు. అంతకంటె దగ్గరి పోలిక చిత్తూరు నాగయ్యది. 1942లో ‘భక్త పోతన’, 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’, ఈ మూడు చిత్రాలతో ఆయన తెలుగు, తమిళ దేశాలలో భక్తికి పర్యాయపదమైనాడు. పోతన అనగానే నాగయ్య ముఖమే మనసులో మెదిలే తరం ఒకటి మనకూ ఉండేది. రాజాశ్రయాన్ని కాదని నాగలి పట్టిన పోతనకూ, రాజు కానుకలను తిప్పిపంపిన తుకారాంకూ ఉన్న బంధుత్వం ప్రేక్షకులకు వేరే చెప్పవలసిన పనిలేదు. నాగయ్య సాధించినదీ అదే: కంఠాన్ని తగ్గించి, కన్నులతో మాట్లాడి, పాత్రను తనకంటె ఎత్తున నిలపడం.

పటం ముందు ఒక ప్రశ్న

ఒక మహాత్ముని ముఖాన్ని ఒక నటుని ముఖం ఆక్రమించడం మంచిదేనా అన్న సందేహం రాకపోదు. చిత్రంలోని తుకారాం సౌమ్యుడు. గాథలోని తుకారాం సౌమ్యుడే కాని అంత మాత్రమే కాదు. అక్కడ ఆయన కపట గురువులను నిర్దాక్షిణ్యంగా ఎండగడతాడు. దేవుడున్నాడా లేడా అని వేదనపడతాడు. తన కులాన్ని చెప్పుకొని, ఆ కారణాన తనను త్రోసివేసిన లోకాన్ని ఎత్తిపొడుస్తాడు. చిత్రంలో మొదటి భార్య ఆకలిచావుకు చోటు లేదు. ఆయన అంతమెలా జరిగిందన్న చిక్కుప్రశ్నకూ చోటు లేదు. వందలకొద్దీ పటాలలో ఆ చిరునవ్వే అచ్చవుతూ పోతే, దాని వెనుక ఉన్న మంట మరుగునపడే ప్రమాదముంది. పటాన్ని పూజించినవారు గాథను తెరవకపోతే, సాలోమాలో కొంతవరకు గెలిచినట్టే.

ఆ నష్టాన్ని ఒప్పుకొంటూనే ఒక మాట చెప్పవలసి ఉన్నది. చిత్రం మింగివేసిన ఆ మంటలో కొంత భాగాన్ని దర్శకులు వేరొకచోట దాచిపెట్టారు. అది జిజాయి నోట, జిజాయి చేత ఉన్నది. గాథలోని తుకారాం దేవుణ్ణి అడిగిన ప్రశ్నలు చిత్రంలో ఆమె అడిగింది. ఆకలిని గురించి, చచ్చిపోతున్న బిడ్డను గురించి, మంచివాడి ఇంట్లోనే కష్టమెందుకన్న విషయాన్ని గురించి ఆమె అడిగిన ప్రశ్నలకు ధాన్యరాశులు కొంత జవాబు చెప్పాయి, పూర్తిగా చెప్పలేదు.

ఈ చిత్రాన్ని నేడు తొలిసారి చూడబోయేవారు పాగ్నీస్ కన్నులను తప్పక చూడాలి. అంత తక్కువ చేసి అంత ఎక్కువ చెప్పిన నటులు మన తెరమీద అరుదు. ఆ తరువాత చూపును కొంచెం ప్రక్కకు త్రిప్పి, పొయ్యి దగ్గర చెమట తుడుచుకొంటున్న గౌరిని కూడా చూడాలి. మహారాష్ట్రంలోని ఇళ్ళ గోడలమీద తుకారాం పటాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటి ప్రక్కన జిజాయి ముఖం కనిపించడం బహు అరుదు. ఆ ముఖాన్ని చూడాలంటే మాత్రం ఈ చిత్రం వద్దకే పోవాలి.